రాజులు లేని కథలు

ఏలూరులో కాలవ గట్టుకు దగ్గరగా, తివాచీలు నేసేవాళ్ళ సందు మలుపులో సుందరమ్మ ఇల్లు ఉండేది. రెండు గదులు, ముందు అరుగు, వెనక వంటపాక. ఆమెకు కడుపున పిల్లలు పుట్టలేదు గాని, ఆ ఇంట్లో ఎప్పుడు చూసినా పిల్లల పలకలూ చొక్కాలూ వేలాడుతూనే ఉండేవి. బడిలేని ఊళ్ళ నుంచి ఏలూరు వచ్చి చదువుకునే పిల్లలను ఆమె తన ఇంట్లో పెట్టుకొని వండిపెట్టేది. వాళ్ళ ఇళ్ళ నుంచి బియ్యం, కందులు, తాటిబెల్లం వచ్చేవి. ఆమె జీవనమూ దాంతోనే గడిచేది. పిల్లలు ఆమెను దొడ్డమ్మ అనేవారు.

తల్లులు తమ పిల్లలను ఆమె దగ్గర వదలడానికి అసలు కారణం వంట కాదు. సుందరమ్మ చారులో ఉప్పు ఒకరోజు ఉండేది, ఒకరోజు ఉండేది కాదు. కారణం ఆమె చెప్పే కథలు. దీపం వత్తి తగ్గించి, చాపల మీద పిల్లలు పడుకున్నాక, ఆమె గోడకు ఆనుకొని కూర్చొని కథ ఎత్తుకునేది. ఆ కథ పుస్తకాల్లోది కాదు. ఆ రోజు ఎవరి వంతు అయితే వాళ్ళదే కథ. వాళ్ళ పేరే కథలో ఉండేది. వాళ్ళ ఊరే, వాళ్ళ గేదే, వాళ్ళ ఊరి చెరుకు తోటే కథలో వచ్చేవి. వంతు ఎవరిదో వాళ్ళే ఊ కొట్టాలి. మిగిలినవాళ్ళు నవ్వవచ్చు గాని ఊ కొట్టకూడదు. అది ఆ ఇంటి చట్టం.

కథకు కావలసిన సరుకంతా ఆమె పొద్దున్నే కూడబెట్టుకునేది. విజయకుమారికి జడ వేస్తూ, అబ్బులుకు చద్దన్నంలో పెరుగు వేస్తూ, ఊరికే అడిగినట్టు అడిగేది. నిన్న బళ్ళో ఎవరు ఏడ్చారు, ఎవరి బలపం పోయింది, ఏ వీధి దాటడానికి భయం. భీమడోలు పిల్ల విజయకుమారి పలక పగలగొట్టి, తనంతట తనే పగిలిందని అబద్ధం ఆడితే, ఆ రాత్రి కథలో పలకకు కాళ్ళు వచ్చాయి. అది రైలెక్కి భీమడోలు పోయి వాళ్ళ నాన్నకు ఫిర్యాదు చేసింది. విజయకుమారి ఊ కొడుతూ కొడుతూ, పలక స్టేషన్‌లో దిగేసరికి దుప్పటి ముఖం మీదికి లాక్కొని, "నేనే పగలగొట్టానులే దొడ్డమ్మా, దాన్ని వెనక్కి రమ్మను" అంది. కలిదిండి నుంచి వచ్చిన అబ్బులుకు తివాచీల సందులోని కుక్కలంటే హడలు. అతని కథలో ఆ కుక్కలే తమ తగవు తీర్చమని అతని ముందు వరసగా కూర్చున్నాయి. మర్నాడు అబ్బులు ఆ సందులోంచి పెద్దమనిషిలా నడిచి వెళ్ళాడు. కొంచెం వేగంగానే వెళ్ళాడు గాని, వెళ్ళాడు.

సుందరమ్మ ఇలాంటి కథలు చెప్పడానికి మొదటి కారణం మాత్రం ఆమె తెలివి కాదు. అందరి ఇళ్ళలోనూ కథ ఒక రాజుతో మొదలవుతుంది. ఆమె రాజు అన్న మాట పలకదు. ఆమె భర్త పేరు కనకరాజు. మొగుడి పేరు ఎత్తితే ఆయన ఆయుష్షు తరుగుతుందని పెంచిన ఇంటి పిల్ల ఆమె. పేరే కాదు, పేరులో ముక్క కూడా నోట రానివ్వదు. రాజమండ్రిని పుష్కరాల ఊరు అనేది. అందుకే మొదటిసారి అబ్బులు కథ అడిగినప్పుడు, "అనగనగా ఒక..." అని ఆగిపోయి, ఏమనాలో తోచక వాడి మొహం చూసి, "ఒక అబ్బులు" అంది. అబ్బులు పడి పడి నవ్వాడు. కథ అయ్యేదాకా నిద్రపోలేదు. అప్పటి నుంచి ఆమె కథల్లో రాజులు లేరు, పిల్లలే ఉన్నారు.

కనకరాజు పెళ్ళైన కొన్నేళ్ళకు కాకినాడలో ఓడెక్కి బర్మాలోని రంగం వెళ్ళాడు. అక్కడ బియ్యం మిల్లులో పని. మొదట్లో వచ్చి పోతూ ఉండేవాడు. రంగంలో మనవాళ్ళ మీద గొడవలు జరిగిన ఏడాది నుంచి కబురు లేదు. తిరిగి వచ్చినవాళ్ళను అడిగితే ఒకడు చూశానన్నాడు, ఒకడు చూడలేదన్నాడు, ఒకడు మాట మార్చి మంచినీళ్ళు అడిగాడు. సుందరమ్మ రోజూ బొట్టు పెట్టుకునేది. ఆమె ఎదుట ఆయన మాట ఎవరూ ఎత్తేవారు కాదు. ఆయన పేరేమిటో ఇంట్లో పిల్లలకు కూడా తెలియదు. తెలిసినది పక్కింట్లో ఉండే పాపమ్మకు. ఆమె కనకరాజు అక్క, సుందరమ్మకు ఆడపడుచు. "నువ్వు నోరు జారనంత కాలం మావాడు ఎక్కడో ఒకచోట క్షేమంగా ఉంటాడే సుందరం" అనేది పాపమ్మ. సుందరమ్మ నోరు జారలేదు.

1935లో బడులు తెరిచిన రోజుల్లో, వీరాస్వామి అనే అతను తొమ్మిదేళ్ళ కొడుకును వెంటబెట్టుకొని అరుగు ముందు నిలబడ్డాడు. అతనిది కొల్లేటి లంక. నీరు తీసినప్పుడు వ్యవసాయం, నీరు నిలిచినప్పుడు వల.

"వీణ్ణి మీ దగ్గర వదిలేద్దామనండి. మా లంకలో బడి లేదండి. మావాళ్ళల్లో వీడొక్కడికన్నా నాలుగక్షరాలు రావాలని."

"దానికేముంది, ఉండనీండి. ఏ క్లాసు నాయనా?"

"మూడండి. ఆకివీడులో మేనమామ ఇంట్లో ఉండి రెండు చదివానండి."

"పేరేంటి?"

"కనకరాజండి" అన్నాడు పిల్లాడు, బళ్ళో హాజరు పలికినట్టు గట్టిగా.

సుందరమ్మ చేతిలో చేట అలాగే ఆగిపోయింది. ఆ పేరు ఆ అరుగు మీద పలికి ఎన్నేళ్ళయిందో. వేరే ఇల్లు చూసుకోమని చెప్పవచ్చు. చెబుదామనే నోరు తెరిచింది. కాని ఆ పేరుతో వచ్చినవాణ్ణి గుమ్మంలోంచి తిప్పి పంపడానికి మనసు ఒప్పలేదు.

"కాళ్ళు కడుక్కొని రా నాయనా" అంది.

అప్పటి నుంచి వాడు నాయనా అయ్యాడు, లంకబాబూ అయ్యాడు, ఒరే చిన్నోడా అయ్యాడు. పగలు ఆ పిలుపులతో గడిచిపోయింది. చిక్కంతా వాడి కథ వంతు వచ్చినప్పుడే.

"అనగనగా ఒక పిల్లాడు" అంది సుందరమ్మ.

"ఊఁ" అన్నాడు వాడు ఉత్సాహంగా.

"ఆ పిల్లాడిది చుట్టూ నీళ్ళున్న ఊరు. ఒకనాడు ఒక గూడబాతు వచ్చి, నా మూతికింద సంచి చిరిగిందయ్యా, మీ నాన్న వల కుట్టే సూది ఇస్తావా అనడిగింది."

"ఊఁ."

"ఆ పిల్లాడు సూది తెచ్చి..."

"ఆ పిల్లాడి పేరేంటండి?"

"నువ్వే గదా నాయనా."

"మరి పేరండి?"

చాప చివర నుంచి అబ్బులు అందుకున్నాడు. "నీ పేరు పొడుగురా. కథలో పట్టదు."

"నీ బుర్రలో ఎక్కాలు పట్టవు గదా, అలాగా?" అంది విజయకుమారి.

సుందరమ్మ వాళ్ళిద్దరినీ కసిరి కథ ముందుకు నడిపింది. గూడబాతు సంచి కుట్టించుకొని ఎగిరిపోయేసరికి ఊ కొట్టడం ఆగిపోయింది. వాడు నిద్రపోలేదు. కళ్ళు తెరుచుకునే ఉన్నాడు.

రెండో వంతుకు ఆమె ఆలోచించి వాడికి ముత్యాలు అని పేరు పెట్టింది. "అది నేను కాదండి" అన్నాడు వాడు. మూడో వంతు వచ్చినప్పుడు, "నా వంతు అబ్బులుకు ఇచ్చేయండి" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. తరవాత అన్నం తగ్గింది. బళ్ళో యోసేపు మాస్టారు ఒకనాడు దారిలో కనబడి, కుర్రాడు లెక్కలు బాగా చేస్తాడుగాని ఈమధ్య కిటికీ బయటికే చూస్తున్నాడమ్మా అన్నారు.

సుందరమ్మ వంటపాకలో ఒంటరిగా ఉన్నప్పుడు ప్రయత్నించింది. పొయ్యి ఊదుతూ, ఎవరూ లేకుండా చూసుకొని, పెదవులు కదిపింది. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. పొగ వల్ల నీళ్ళు వచ్చినట్టు కళ్ళు తుడుచుకుంది.

పెరటి గోడ అవతల నుంచి పాపమ్మ తల ఎత్తింది. "ఆ లంక కుర్రాడు మొహం వేలాడేసుకు తిరుగుతున్నాడేమే?"

"కథలో తన పేరు కావాలంట వదినా."

"ఏదో ఒకటి పెట్టరాదా."

"తన పేరే కావాలంట. ఆ పేరే."

పాపమ్మకు ఆ పేరేమిటో వీరాస్వామి వచ్చిన నాడే తెలిసింది. "వేరే ఇంటికి పంపేసెయ్. నువ్వు మాత్రం నోరు జారకు. ఇన్నేళ్ళూ కాపాడుకొచ్చావు."

"కాపాడానంటారా?"

"మరి? పోయాడని కబురేమన్నా వచ్చిందా?" అని పాపమ్మ తల దించేసుకుంది.

శ్రావణంలో విజయకుమారి మేనమామ పెళ్ళికి భీమడోలు వెళ్ళి వచ్చింది. వచ్చిన దగ్గర నుంచి ఒకటే ఆట. పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ ఇంటికి రాగానే ఆడపడుచులు గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఒకరి పేరు ఒకరు చెబితేగాని లోపలికి రానివ్వలేదట. పెళ్ళికూతురు సిగ్గుపడి చెప్పినా, వినపడలేదు వినపడలేదు అని మళ్ళీ మళ్ళీ చెప్పించారట. ఆ పిల్ల అది నేర్చుకొని వచ్చి, నీళ్ళ బిందెతో వచ్చే అబ్బులును ఆపింది. పెరుగమ్మే మనిషిని ఆపింది. సుందరమ్మ నవ్వుకుంది. తన పెళ్ళినాడు ఈ గుమ్మంలోనే పాపమ్మ చేతులు చాపి నిలబడింది. బతుకు మొత్తంలో మొగుడి పేరు నోటితో చెప్పింది ఆ ఒక్కనాడే. ఆనాడు చెప్పవచ్చు. చెప్పకపోతేనే తప్పు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం అబ్బులు పరుగెత్తుకొచ్చాడు. "దొడ్డమ్మా, కనకరాజు మధ్యాహ్నం నుంచి బళ్ళో లేడు. సంచి కూడా పట్టుకెళ్ళాడు."

సుందరమ్మ పొయ్యి మీది అన్నం విజయకుమారికి అప్పజెప్పి, కాలవ గట్టున రేవుకు నడిచింది. కొల్లేటి వైపు వెళ్ళే దోనెలు ఎండ తగ్గాక కదులుతాయి. ఒక దోనె పక్కన, మెట్టు మీద, వాడు సంచి ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

"ఇంటికి పోతున్నావా నాయనా?"

"ఆయ్."

"కూర బాగుండటం లేదా?"

"బాగానే ఉంటుందండి."

"అబ్బులు కొట్టాడా?"

"కొడితే నేనూ కొడతానండి."

"మరి?"

వాడు నీళ్ళవైపు చూశాడు. "మీకు ముందే తెలిసిపోయిందా అండి?"

"ఏం తెలియాలిరా?"

"నేను నీళ్ళలో పోతానని."

సుందరమ్మకు అర్థం కాలేదు. వాడు మెల్లగా చెప్పాడు. వాళ్ళ లంకలో నీళ్ళలో పడి పోయినవాళ్ళ పేరు ఎవరూ ఎత్తరు. దీపం పెట్టాక అసలే ఎత్తరు. ఎత్తితే పిలిచారనుకొని గట్టుకు వస్తారట. "మా అన్న గాలివానలో పోయాడండి. మా అమ్మ కూడా వాడి పేరు ఎత్తదండి. ఆ పిల్లాడు అంటుంది. మీరూ నన్ను దీపం పెట్టాక ఆ పిల్లాడు అన్నారండి. అందరికీ పేర్లున్నాయి, నాకు తప్ప. ఎలాగూ పోయేవాణ్ణే గదండి. అమ్మ దగ్గరే ఉందామని."

సుందరమ్మ వాడి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. పేరు దాచుకుంటే మనిషి బతికి ఉంటాడని ఆమె ఇన్నేళ్ళూ నమ్మింది. పేరు దాచారంటే తాను పోయినట్టే లెక్క అని ఈ పిల్లాడు ఇన్ని రాత్రులు గోడకేసి చూస్తూ పడుకున్నాడు. ఊళ్ళో వాళ్ళు తన ఎదుట ఆయన పేరు ఎందుకు ఎత్తరో కూడా ఆమెకు అప్పుడే తట్టింది. వాళ్ళూ ఈ లంకవాళ్ళలాగే, ఆయన పోయాడనే అనుకుంటున్నారు.

"నేను పలకనిది పోయినవాళ్ళ పేరు కాదు నాయనా. మా ఇంటాయన పేరు. ఆయనదీ నీ పేరే. ఆడది మొగుడి పేరు ఎత్తకూడదు. అంతే. నీకేమీ కాదు."

వాడు ఆమె వంక తిరిగాడు. "ఆయన ఎక్కడున్నారండి?"

"రంగంలో. సముద్రం అవతల."

"ఎప్పుడొస్తారండి?"

"తెలియదు."

"మా లంకలో చీకటి పడ్డాక దోనె దారి తప్పితే, అందరూ గట్టు మీద నిలబడి పేరెట్టి పిలుస్తారండి. పేరు వినపడ్డ వైపు నడుపుకొని వస్తారు. పోయినోళ్ళని పిలవకూడదు గాని, ఉన్నోళ్ళని పిలవాలి గదండి. ఆయన్ని ఎవరు పిలుస్తారండి మరి?"

దోనె మనిషి గెడ చేతిలోకి తీసుకొని, "ఏం బాబూ, ఎక్కుతావా, కట్టు విప్పమంటావా?" అన్నాడు. వాడు ఆమె మొహం చూశాడు.

"ఈ ఒక్క రాత్రి ఉండు" అంది ఆమె. "రేపు కూడా పోవాలనిపిస్తే నేనే దోనె ఎక్కిస్తాను."

"కథ చెబుతారా అండి?"

"ముందు ఇంటికి రా."

ఇద్దరూ గట్టు వెంబడి నడిచారు. వాడు ఒక చేత్తో ఆమె చెయ్యి, ఒక చేత్తో సంచి పట్టుకున్నాడు. సంచి ఆమె మోస్తానన్నా ఇవ్వలేదు. సందు మలుపు తిరిగేసరికి ఇళ్ళలో దీపాలు వెలుగుతున్నాయి. పక్కింటి అరుగు మీద పాపమ్మ వత్తులు చేసుకుంటోంది. తమ ఇంటి గుమ్మంలో, దీపం వెనకనుంచి పడుతుండగా, విజయకుమారి రెండు చేతులూ ద్వారబంధాలకు ఆనించి నిలబడి ఉంది. వాడు దొరికాడన్న సంతోషం ఆ పిల్ల మొహంలో దాగటం లేదు.

"పేర్లు చెప్పి లోపలికి రండి" అంది.

"నేను..." అని మొదలుపెట్టాడు పిల్లాడు.

"నువ్వు కాదు. దొడ్డమ్మ చెప్పాలి. కొత్త పెళ్ళికూతురు చెప్పినట్టు చెప్పాలి."

"అన్నం మాడుతోందే, తప్పుకో" అంది సుందరమ్మ.

"ఎప్పుడో దించేశాను. చెప్పు దొడ్డమ్మా."

పాపమ్మ చేతిలో వత్తి ఆగింది. సుందరమ్మ గడప ముందు నిలబడింది. చిన్నదాన్ని చెవి పట్టుకొని పక్కకు లాగవచ్చు. కాని తన అరచేతిలో ఆ చిన్న చెయ్యి బిగుసుకుంది. ఆ గుమ్మంలో ఆ మాట ఒకసారి ఎలా వచ్చిందో ఆమె గొంతుకు గుర్తుంది. తల వంచుకొని, పసుపు బట్టల్లో, పక్కన మనిషి నవ్వుతుంటే.

"కనకరాజూ, నేనూ వచ్చాం" అంది.

"వినపడలేదు" అంది విజయకుమారి, పెళ్ళిలో అన్నట్టే.

సుందరమ్మ ఈసారి తల ఎత్తింది. "కనకరాజూ, నేనూ వచ్చాం."

తివాచీల సందు చివర మగ్గం దగ్గర కూర్చున్నవాళ్ళు కూడా తలలు తిప్పారు. విజయకుమారి చేతులు దించి నవ్వుతూ తప్పుకుంది. పిల్లాడు గడప దాటి, సంచి తీసుకెళ్ళి మేకుకు తగిలించాడు.

"సుందరం" అంది పాపమ్మ అరుగు మీద నుంచి.

సుందరమ్మ వెనక్కి తిరిగింది. "గుమ్మంలో అడ్డం నిలబడి అడిగితే చెప్పకుండా ఎలా వదినా? మీరు నేర్పిందే గదా."

పాపమ్మ వత్తులన్నీ ఒళ్ళోకి దులుపుకొని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ రోజు అసలు వంతు అబ్బులుది. అడగకుండానే ఇచ్చేశాడు. "రేపు నాకు రెండు కథలు" అని మాత్రం ఒప్పందం చేసుకున్నాడు. సుందరమ్మ వత్తి తగ్గించి గోడకు ఆనుకుంది.

"అనగనగా ఒక కనకరాజు."

"ఊఁ."

"ఆ కనకరాజుది నీళ్ళ నడుమ ఊరు. ఆ ఊరికి ఒక రాజు."

"దొడ్డమ్మ కథలో రాజొచ్చాడు" అని గుసగుసలాడింది విజయకుమారి.

"ఒక సాయంత్రం కనకరాజు ఒక్కడే దోనె మీద వెళ్ళి, కిక్కిస గడ్డిలో దారి తప్పాడు. ఎటు చూసినా నీళ్ళే. చీకటి పడింది. ఊళ్ళోవాళ్ళు గట్టు మీదికి వచ్చారు. రాజు కూడా చెప్పులు విడిచి వచ్చాడు. ముందు అందరూ ఊరికే నిలబడ్డారు. పేరు ఎత్తవచ్చో కూడదో ఎవరికీ తెలియలేదు."

"ఊఁ."

"అప్పుడు ఒక ఆడమనిషి మోకాటి లోతు నీళ్ళలోకి దిగి, కనకరాజూ అని పిలిచింది. పలకలేదు. మళ్ళీ పిలిచింది, కనకరాజూ..."

"ఊఁ."

ఈ ఊ చాప మీది నుంచి రాలేదు. గోడ అవతల నుంచి, బొంగురుగా వచ్చింది.

అబ్బులు మోచేతి మీద లేచాడు. "అదేంటి దొడ్డమ్మా, పాపమ్మగారు ఊ కొడుతున్నారు. ఆవిడ వంతు కాదు గదా."

"కొట్టనీరా" అంది సుందరమ్మ. "ఈ కథలో ఆవిడకూ వంతుంది."

తరవాత గొంతు కొంచెం పెంచి, గోడ అవతలికి కూడా వినబడేలా కథ చెప్పడం సాగించింది.